సైలెన్సర్ తీసేస్తే లారీ బాగా లాగుతుందా? డెల్టా బండ్లకు ఏ దారి మేలు

గోదావరి జిల్లాల్లో ఏ ఆటోనగర్‌కి వెళ్లినా ఒక మాట వినపడుతుంది: "సైలెన్సర్ కోసేసి డైరెక్ట్ పైపు వేయించండి, పికప్ ఎలా ఉంటుందో చూడండి." పక్క షెడ్డులోనే దానికి ఎదురు మాటా దొరుకుతుంది: "తీశారంటే వాల్వులు కాలిపోతాయి, ఇంజన్ బోరుకొస్తుంది." పాపం ఓనరు ఈ రెంటి మధ్యా ఊగుతుంటాడు. నా లెక్కలో రెండు మాటలూ తప్పే. టర్బో (పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నెట్టే రెక్కల చక్రం) ఉన్న లారీకి సైలెన్సర్ తీసేస్తే పెరిగే బలం చెప్పుకోదగ్గంత ఉండదు. తీసినంత మాత్రాన ఇంజన్ పాడైపోదు కూడా. నష్టం వేరే చోట్ల నుంచి వస్తుంది. ఎక్కడి నుంచి, ఎంత అనేది మూడు సంగతుల మీద ఉంటుంది: బండి ఏ సంవత్సరానిది, ఏం లోడు ఎత్తుతారు, అసలు సైలెన్సర్ మీద మీ కన్ను ఎందుకు పడింది.

ఈ మూడో సంగతి ముందు తేల్చుకోండి. మందు దాన్ని బట్టే మారుతుంది.

తుప్పు పట్టి పోయిందా, లాగడం లేదా, సౌండు కావాలా

మన వైపు ఎక్కువ మందికి ఈ ఆలోచన వచ్చేది తుప్పు వల్ల. భీమవరం, ఆకివీడు, నరసాపురం చుట్టూ చేపలూ రొయ్యలూ ఎత్తే బండ్లకి ఐసు కరిగిన నీళ్లు ఛాసిస్ వెంట కారుతూనే ఉంటాయి. కాకినాడ పోర్టుకి తిరిగే వాటికి ఉప్పుగాలి సరేసరి. ఇదంతా బయటి తుప్పు. లోపలి తుప్పు గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా మారి పొగతో పాటు వస్తుంది. దూరం వెళ్లే బండిలో సైలెన్సర్ బాగా వేడెక్కుతుంది కాబట్టి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇసుక ర్యాంపు నుంచి ఊళ్లోకి, ఇటుక బట్టీ నుంచి సైటుకి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే టిప్పర్‌లో సైలెన్సర్ కాగేలోపే ఇంజన్ ఆపేస్తారు. ఆవిరి లోపలే నీరై, మసితోనూ డీజిల్‌లోని గంధకంతోనూ కలిసి, అడుగున నిలిచి రేకుని తింటుంది. అందుకే చిన్న దూరాల బండికి సైలెన్సర్ అడుగు ముందు పోతుంది. కొత్తది ఖరీదు, డైరెక్ట్ పైపు చౌక. అక్కడ మొదలవుతుంది వెల్డర్ సలహా.

రెండో కారణం బండి లాగకపోవడం. దీని గురించి కింద కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం, ఎందుకంటే డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే.

మూడోది సౌండు. దానికి ఈ వ్యాసంలో సలహా లేదు. సౌండు కావాలనుకునే కుర్రాడికి ఇంజన్ లెక్కలతో పని లేదు, వాళ్ల నాన్నకి మాత్రం చలానా కట్టే పని ఉంటుంది.

బలం ఎందుకు పెరగదు

సైలెన్సర్ డబ్బాలో పెద్ద మాయ ఏమీ లేదు. చిల్లులున్న గొట్టాలు, రెండు మూడు గదులు, కొన్నింట్లో గ్లాస్ ఊల్. పొగ ఈ గదుల్లో తిరుగుతూ వచ్చేసరికి శబ్దం చచ్చిపోతుంది. అలా తిరగడంలో కొంత అడ్డు ఏర్పడుతుంది. దాన్నే మెకానిక్కులు బ్యాక్ ప్రెజర్ అంటారు. ఆ అడ్డు తీసేస్తే ఇంజన్‌కి ఊపిరి ఆడుతుందన్నది వాదన. వాదనలో తప్పు లేదు, లెక్కలోనే తప్పు ఉంది.

మొదటి సంగతి, అడ్డు ఎంత ఉందో చూడాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లాంటివి లేని పాత టర్బో డీజిళ్లకి ఇంజన్ తయారుచేసేవాళ్లు ఒప్పుకునే మొత్తం బ్యాక్ ప్రెజర్ మామూలుగా 10 కిలోపాస్కళ్ల చుట్టుపక్కల ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనమే 101 కిలోపాస్కళ్లు. పైగా ఆ పదీ ఇంజన్ పూర్తి లోడు మీద, పూర్తి స్పీడులో ఉన్నప్పటి మాట, అందులో సైలెన్సర్ వాటా కొంతే. తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా చదును రోడ్డు మీద సగం యాక్సిలరేటర్‌తో పోతున్నప్పుడు ఆ అడ్డు ఇంకా తగ్గిపోతుంది. పొగ మొదట టర్బో రెక్కల్లోంచి దూరి రావాలి కాబట్టి అసలు ఒత్తిడంతా టర్బోకి ముందే ఉంటుంది. సైలెన్సర్ దాని తర్వాత ఎక్కడో తోక దగ్గర ఉంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. డీజిల్ ఇంజన్ బలాన్ని నిర్ణయించేది డీజిల్ పంపు, లేదా కొత్త బండ్లలో ఇంజన్ కంప్యూటరైన ఈసీఎం, ఎంత డీజిల్ కొడుతుందన్నది. డీజిల్ ఇంజన్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. కాలవ చివర తూము ఎంత వెడల్పు చేసినా హెడ్ లాకు దగ్గర వదిలిన నీళ్లే వస్తాయి కదా, ఇదీ అంతే. సైలెన్సర్ తీసేసి, డీజిల్ పాత లెక్కలోనే కొడితే, పొగ కాస్త పలచబడవచ్చు, టర్బో ఒక అర క్షణం ముందు అందుకోవచ్చు, ఎగ్జాస్ట్ వేడి కొద్దిగా తగ్గవచ్చు. ఇవి నిజమైన లాభాలే, కాదనను. లోడు బండి సీట్లో కూర్చున్నవాడికి తెలిసేంత లాభాలు మాత్రం కావు.

మరి తెలుస్తుందంటున్నారు కదా? తెలిసేది చెవికి. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే మోత పెరిగితే బండి ఎగిరిందనిపిస్తుంది. చేత్తో గడియారం పట్టుకుని, అదే లోడుతో, అదే ఫ్లైఓవర్ ఎక్కి చూసినవాళ్లు తక్కువ.

మైలేజీ సంగతీ చూద్దాం. ఒక శాతం కలిసొచ్చిందనే అనుకుందాం, అది కూడా ఎక్కువే. లీటరుకి 4 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఒక శాతం అంటే 40 మీటర్లు. భీమవరం నుంచి హౌరాకి చేపల లోడు 1,100 కిలోమీటర్ల పైచిలుకు. పోను ఖర్చయ్యే డీజిల్ 275 లీటర్ల పైన, అందులో మిగిలేది మూడు లీటర్లు. టైర్లలో గాలి సరిగ్గా చూసుకుంటే, దారిలో పది కిలోమీటర్ల స్పీడు తగ్గించుకుంటే ఇంతకంటే ఎక్కువే మిగులుతుంది, రాత్రంతా చెవులు హోరెత్తకుండా.

ఒక్క సందర్భంలో మాత్రం సైలెన్సర్ తీయగానే బండి నిజంగా లాగుతుంది. లోపలి గొట్టం తుప్పుకి విరిగి దారికి అడ్డం పడినా, ఆయిల్ తాగే ఇంజన్ నుంచి వచ్చే మడ్డి లోపల గట్టిపడి చిల్లులు మూసుకుపోయినా అడ్డు బాగా పెరిగిపోతుంది. అప్పుడు టర్బో అందుకోదు, పొగ నల్లగా వస్తుంది, బండి బరువెక్కినట్టు ఉంటుంది. అలాంటి బండికి డైరెక్ట్ పైపు వేస్తే ప్రాణం లేచొచ్చినట్టే. ఓనరు పక్క ఓనరుకి చెబుతాడు, అతను బాగున్న సైలెన్సర్ కోయిస్తాడు. మొదటివాడికి పైపు వల్ల కాదు, చెడిపోయిన సైలెన్సర్ పోవడం వల్ల మేలు జరిగింది. కొత్త సైలెన్సర్ వేసినా అంతే మేలు జరిగేది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. బండి చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్‌ని రబ్బరు సుత్తితో తట్టండి. లోపల ఏదో గలగలమంటే గొట్టం ఊడినట్టు. అనుమానం తీరకపోతే, పాత బండైతే, టర్బో తర్వాత ఉన్న ఫ్లాంజి బోల్టులు వదులు చేసి కొద్ది దూరం నడిపి చూడమనండి. తేడా స్పష్టంగా ఉంటే సైలెన్సర్ మూసుకుపోయింది. ఏమీ తేడా లేకపోతే బోల్టులు బిగించి రోగం ఇంకోచోట వెతకాలి. బీఎస్6 బండికి (2020 నుంచి వచ్చిన కొత్త పొగ నిబంధనల బండి, దాని సంగతి కింద ఉంది) మాత్రం ఈ పరీక్ష చేయకండి.

వాల్వులు కాలిపోతాయన్న భయం

ఇది పాత పెట్రోల్ బండ్ల కాలం నాటి మాట. కార్బొరేటర్ ఉన్న ఇంజన్‌కి ఎగ్జాస్ట్ దారి వదులు చేస్తే గాలి ఎక్కువై పెట్రోల్ పలచనయ్యేది, ఆ వేడికి వాల్వులు దెబ్బతినేవి. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ ఎక్కువ గాలితోనే నడుస్తుంది, కాబట్టి ఆ లెక్క ఇక్కడ చెల్లదు. లారీల్లో వాల్వులు కాలేది ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుకి వదిలే సన్నని సందు) బిగుసుకుపోయి వాల్వు సరిగ్గా కూర్చోకపోవడం వల్ల, ఇంజక్టర్ కారడం వల్ల, డీజిల్ అతిగా కొట్టడం వల్ల.

"ఇంజన్‌కి కొంచెం బ్యాక్ ప్రెజర్ ఉండాలి" అనే మాట కూడా అలాంటిదే. ఏ ఇంజన్‌కీ అడ్డు అవసరం లేదు. టర్బో లేని పాత ఇంజన్లలో పైపు మరీ లావుదైతే పొగ వేగం తగ్గి, ఒక సిలిండర్ పొగ ఇంకో సిలిండర్‌ని ఖాళీ చేసే ఊపు పోతుంది. తక్కువ స్పీడులో లాగుడు కొద్దిగా తగ్గుతుంది. జనం దాన్ని చూసి బ్యాక్ ప్రెజర్ పోయిందంటారు. టర్బో లేని పాత టాటా 407 లాంటి బండి ఇంకా ఎవరైనా నడుపుతుంటే, పైపు మార్చినప్పుడు కంపెనీ లావే ఉంచమని చెప్పండి, చాలు.

ఇంజన్ నిజంగా పాడయ్యేది దాని తర్వాత మెట్టులో. పైపు వేయించాడు, ఆశించిన పికప్ రాలేదు. అప్పుడు పంపు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, "కాస్త పంపు పెంచు" అంటాడు. పాత పంపులకి సీలు తీసి స్క్రూ తిప్పితే డీజిల్ పెరుగుతుంది, బండి లాగుతుంది కూడా. దానితో పాటు నల్లపొగ, పిస్టన్ల మీద వేడి, టర్బో రెక్కల మీద వేడి పెరుగుతాయి, గాస్కెట్ మీద భారం పడుతుంది. ఆరు నెలలకో ఏడాదికో టర్బో పోతే, పిస్టన్ పట్టేస్తే, అందరూ సైలెన్సర్‌ని తిడతారు. దోషం స్క్రూది.

ఇంకొకటి, మంచి డ్రైవరు చెవితో బండిని చూసుకుంటాడు. ఇంజక్టర్ టకటక, టర్బో ఈల మారడం, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్ బుస్సుమనడం, వెనక డ్యూయల్ టైర్లలో ఒకటి పేలడం, వీల్ బేరింగ్ గోల, ఇవన్నీ మీటరు బోర్డు మీద కనబడేలోపే చెవికి తెలుస్తాయి. డైరెక్ట్ పైపు మోతలో ఇవేవీ వినపడవు. సైలెన్సర్ తీసేయడం వల్ల ఇంజన్ ఆరోగ్యానికి జరిగే పెద్ద నష్టం నా దృష్టిలో ఇదే, దీన్ని ఎవరూ లెక్కలో వేయరు.

డ్రైవరు చెవులు కూడా చెవులే. 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలు దాటితే వినికిడికి ముప్పని వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు. ఆ పైన ప్రతి మూడు డెసిబెళ్లకి సమయం సగానికి తగ్గించుకోవాలంటారు. హౌరా లైను డ్రైవర్ ఒక్క ట్రిప్పులో ఎన్ని గంటలు ఆ మోతలో కూర్చుంటాడో మీకే తెలుసు. ఈ మోత మనిషిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది, అలసట తర్వాత వచ్చేది కునుకు.

ఏది వేయించాలి

పాత సైలెన్సర్‌కే మాటు వేయించడం అన్నిటికంటే చౌక. అడుగున రూపాయి బిళ్లంత చిల్లు పడి, మిగతా రేకు గట్టిగా ఉంటే మాటు న్యాయమే. స్క్రూడ్రైవర్‌తో చుట్టూ గట్టిగా పొడిచి చూడండి. ఇంకోచోట కూడా దిగిపోతే మాటు దండగ, మూడు నెలలకి మళ్లీ వెల్డింగ్ షాపులో ఉంటారు. లోపల గలగలమంటున్న దానికి పైన ఎంత మాటు వేసినా ఉపయోగం లేదు. వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించడం మాత్రం మరవకండి, కొత్త బండ్లలో ఈసీఎం అలాగే పోతుంది.

కంపెనీ సైలెన్సర్ ధర చూస్తే గుండె గుబేలుమంటుంది. అయినా హౌరా, గౌహతి లాంటి దూరాలు పోయే బండికి నేను అదే చెబుతాను. బ్రాకెట్లు సరిగ్గా కూర్చుంటాయి, పైపు బరువు టర్బో మీద వేలాడదు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర ప్రశ్న రాదు.

లోకల్ తయారీ సైలెన్సర్లు మన డెల్టాలో ఎక్కువగా నడిచేవి. వీటిని చులకన చేయనవసరం లేదు, మంచివీ ఉన్నాయి. కొనేటప్పుడు లోపలికి వచ్చే గొట్టం, బయటికి పోయే గొట్టం పాతదాని లావే ఉన్నాయా అని కొలవండి. ఒక చివర నుంచి టార్చి వేసి చూడండి. వెల్డింగ్ ముద్దలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటే వద్దు. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా అనిపించే పలచ రేకుది ఐసు నీళ్ల బండికి ఏడాది రాదు. ధర తక్కువని సగం సైజుది తగిలిస్తే అడ్డు పెరిగి, ఇందాక చెప్పిన మూసుకుపోయిన సైలెన్సర్ కష్టాలే మొదలవుతాయి. చిన్న దూరాల టిప్పర్‌కి, ఇటుకల బండికి నా ఓటు దీనికే. ఎలాగూ లోపలి నుంచి తుప్పు పడుతుంది, ఖరీదైనది పెట్టి ప్రయోజనం తక్కువ. అడుగున నీరు కారడానికి సన్నని చిల్లు ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

డబ్బా అలాగే ఉంచి లోపల గుల్ల చేయించడం ఒక ఫ్యాషన్. ఎఫ్‌సీకి బయట నుంచి బాగానే కనపడుతుందని చేయిస్తారు. అన్నిటిలోకీ చెత్త దారి ఇది. శబ్దం తగ్గదు, పైగా ఖాళీ డబ్బా ఒక స్పీడులో గుయ్యిమని మోగుతూ క్యాబిన్ అంతా అదురుతుంది. కోసి మళ్లీ అతికించిన చోట రేకు బలహీనపడి అక్కడే పగులుతుంది. డబ్బు పెట్టి, ఏ లాభమూ లేకుండా, సైలెన్సర్‌ని చంపుకోవడమే.

ఇక డైరెక్ట్ పైపు. ఎవరెంత చెప్పినా వేయించుకునేవాళ్లు ఉంటారు, కనీసం ఏం చూసుకోవాలో తెలిసి ఉంటే మంచిది. సైలెన్సర్ శబ్దం తగ్గించడంతో పాటు పైపు లైనుకి మధ్యలో ఒక ఆసరా కూడా. దాన్ని తీసేసి పొడవాటి పైపు వేలాడదీస్తే ఆ బరువూ అదురూ టర్బో దగ్గరి బెల్లోస్ (వంగే ముడతల గొట్టం) మీద పడతాయి. రెండు మూడు నెలల్లో బెల్లోస్ చిరిగి, వేడి పొగ క్యాబిన్ కిందికి కొడుతుంది. కొందరు వెల్డర్లు ఖర్చు తగ్గించడానికి పైపుని పొట్టిగా కోసి పక్కకి వంచేస్తారు. అక్కడ బ్రేకు గాలి పైపు, వైరింగ్, స్టెప్నీ టైరు ఉన్నాయేమో ఆలోచించరు. లోడు మీద టర్బోకి ముందు ఎగ్జాస్ట్ వేడి 500 డిగ్రీలు దాటడం మామూలే, టర్బో దాటాక తగ్గినా నైలాన్ గాలి పైపుని కరిగించడానికి చాలినంత మిగులుతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ వాల్వు (పొగ దారి మూసి బండి వేగం తగ్గించేది) ఉన్న బండికి పైపు మారుస్తూ ఆ వాల్వుని కూడా పీకేసిన ఘనులున్నారు. డెల్టా చదును నేల మీద దాని విలువ తెలియదు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

గడ్డి లోడు, కొబ్బరి పీచు లోడు ఎత్తేవాళ్లకి మాత్రం డైరెక్ట్ పైపు వద్దంటే వద్దు. ఇంజన్‌లో పేరుకున్న మసి అప్పుడప్పుడు నిప్పు రవ్వలుగా ఊడి వస్తుంది. సైలెన్సర్ గదుల్లో అవి తగిలి, తిరిగి, చాలావరకు ఆరిపోతాయి. నేరు పైపులో అలాగే ఎగిరి వస్తాయి. కోతల తర్వాత గడ్డి మోపులు ఛాసిస్ బయటికి వేలాడేలా వేసుకుని పోయే బండ్లూ, ట్రాక్టర్లూ చూస్తూనే ఉంటాం. అంబాజీపేట వైపు ఎండిన పీచు మూటలు కూడా అంతే త్వరగా అంటుకుంటాయి.

బీఎస్6 బండి అయితే

2020 ఏప్రిల్ 1 నుంచి రిజిస్టర్ అయిన లారీలు బీఎస్6. వాటిలో ఛాసిస్ పక్కన కనపడే పెద్ద పెట్టెని అందరూ సైలెన్సరే అంటారు గానీ దాంట్లో శబ్దం సంగతి చిన్నది. మామూలుగా అందులో డీజిల్ ఆక్సిడేషన్ క్యాటలిస్ట్, మసి పట్టే డీపీఎఫ్, యాడ్‌బ్లూ చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టే ఎస్‌సీఆర్ ఉంటాయి. ముందూ వెనకా వేడి, ఒత్తిడి, నాక్స్ (అవే నైట్రోజన్ ఆక్సైడ్లు) కొలిచే సెన్సర్లు. దాన్ని కోసిన మరుక్షణం ఈసీఎంకి తెలిసిపోతుంది. చెక్ లైటు వెలుగుతుంది, ఆ తర్వాత ఇంజన్ బలాన్ని తనే తగ్గించేస్తుంది. పికప్ కోసం కోసిన బండి లోడుతో ఫ్లైఓవర్ ఎక్కలేక ఈడుస్తుంది. 2017 ఏప్రిల్ తర్వాతి బీఎస్4 బండ్లలో కూడా యాడ్‌బ్లూ ట్యాంకు ఉన్నవాటికి ఇదే జాగ్రత్త.

"సాఫ్ట్‌వేర్ కొట్టి లైటు రాకుండా చేస్తాం" అనేవాళ్లున్నారు. చేయగలరు కూడా. తర్వాత ఆ ఈసీఎంలో ఏ లోపం వచ్చినా ఎవరూ సరిగ్గా చదవలేరు, వారంటీ గోవిందా, పాత సెట్టింగ్‌కి రావాలంటే పెట్టెతో సహా కొనాలి. ఆ పెట్టె ఖరీదులో ఒక చిన్న వ్యాను మీద డౌన్ పేమెంట్ కట్టవచ్చు.

బీఎస్6లో లాగుడు తగ్గితే సాధారణంగా దొరికే కారణం డీపీఎఫ్ నిండడం. మసి కాలిపోవాలంటే లోపల 550 డిగ్రీలు పైబడిన వేడి కావాలి. అది హైవే మీద దానంతట అదే జరుగుతుంది. కాలవగట్టు రోడ్ల మీద, ఇసుక ర్యాంపుల దగ్గర ఆగుతూ కదులుతూ తిరిగే బండిలో జరగదు. లైటు వెలిగినప్పుడు నిర్లక్ష్యం చేయకుండా, బండి నిలిపి మసిని కాల్చే రీజనరేషన్ బటన్ నొక్కి పూర్తయ్యేదాకా ఆపకుండా ఉంచాలి. గడ్డివాము పక్కన, ఎండుటాకుల మీద మాత్రం నిలపకండి. ఊరి రోడ్ల మీదే తిరిగే బండిని వారానికోసారి ఎన్‌హెచ్ 16 ఎక్కించి ఒక అరగంట స్థిరమైన స్పీడులో నడిపితే చాలావరకు ఈ తలనొప్పి ఉండదు. ఆయిల్ కూడా సీకే-4 లాంటి, బూడిద తక్కువ వదిలేదే పోయాలి. మసి కాలుతుంది గానీ ఆయిల్ వదిలే బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే ఉండిపోతుంది.

యాడ్‌బ్లూ దగ్గర ఒక మాట. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా కలిసిన నీరు. "మన దగ్గర యూరియా బస్తాలకి కొదవా, నీళ్లలో కలిపి పోసేద్దాం" అనే తెలివి అక్కడక్కడా కనపడుతోంది. పొలానికి వేసే యూరియాకి 2015 నుంచి దేశమంతటా వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, మలినాలు కలిసి డోసింగ్ నాజిల్‌ని మూసేసి క్యాటలిస్ట్‌ని చంపేస్తాయి. సబ్సిడీ ఎరువుని లారీకి వాడడం నేరం కూడా.

అసలు రోగం ఎక్కడుంది

బండి లాగడం లేదని సైలెన్సర్ మీద పెట్టబోయే డబ్బు జేబులో ఉందనుకోండి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీయించండి. ఇసుక ర్యాంపు దుమ్ము, మండపేట వైపు రైస్ మిల్లుల ఊక బూడిద తాగిన ఫిల్టర్ ఇంజన్‌ని ఏ సైలెన్సర్ కంటే గట్టిగా ఊపిరి బిగిస్తుంది. దాన్ని గాలి కొట్టి మళ్లీ మళ్లీ వాడడం కంటే మార్చడం మంచిది, అతిగా గాలి కొడితే కాగితం చిరిగి దుమ్ము నేరుగా లైనర్‌లోకి పోతుంది. తర్వాత ఇంటర్‌కూలర్ హోసులు, క్లిప్పులు. సన్నని చీలిక ఉన్నా టర్బో నెట్టిన గాలి బయటికి పోతుంది, నల్లపొగ వస్తుంది. సబ్బు నీళ్లు పూసి, ఇంజన్ రేజ్ చేయిస్తే బుడగలు కనపడతాయి.

ఇవి బాగుంటే టర్బో షాఫ్ట్ ఆట, ట్యాపెట్ సెట్టింగ్, ఇంజక్టర్లు, డీజిల్ ఫిల్టర్ వరుసగా చూడమనండి. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో కూడా చూడండి. ఖాళీ బండిని చదును మీద న్యూట్రల్‌లో వదిలితే త్వరగా ఆగిపోతోందంటే చక్రాల దగ్గర రోగం ఉన్నట్టు. డెల్టాలో తిరిగే బండికి ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఇక్కడే లాగలేకపోతోందంటే పది టన్నుల బండి మీద పదిహేను టన్నులు వేస్తున్నారేమో అది కూడా చూసుకోవాలి మరి. ఆ మాట అంటే కోపం వస్తుంది గానీ.

చలానా, ఎఫ్‌సీ

సెంట్రల్ మోటారు వాహన నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి బండికీ, ట్రాక్టర్లతో సహా, సైలెన్సర్ ఉండాలంటుంది. 112వది పొగ ఎడమ వైపుకీ కిందికీ కొట్టకూడదంటుంది. మనుషులు నడిచేదీ ఎక్కిదిగేదీ ఎడమ వైపే కదా. పొట్టి పైపు పక్కకి వంచే వెల్డర్‌కి ఈ సంగతి తెలియదు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, దానితో పాటు మూడు నెలలు లైసెన్సుపై వేటు. లైసెన్సు డ్రైవర్‌ది, పైపు వేయించింది ఓనరు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది.

కొత్త బండికి ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి తీసుకెళ్లడానికి సైలెన్సర్ అద్దెకి తెచ్చి తగిలించి, మళ్లీ ఊడదీసేవాళ్లు రెండుసార్లు పెట్టే ఖర్చుతో లోకల్ తయారీది సొంతంగా వచ్చేస్తుంది. ప్రమాదం జరిగితే, అనుమతి లేని మార్పు కనిపించిందంటే ఇన్సూరెన్స్ వాళ్లకి పేచీ పెట్టడానికి ఒక సాకు దొరుకుతుంది.

కాలవగట్ల మీద మన ఊళ్లన్నీ రోడ్డుకి ఆనుకునే ఉంటాయి. చెరువు పట్టుబడి, అంటే చేపలు పట్టి లోడు చేయడం, రాత్రుళ్లే. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు. సైలెన్సర్ ఉన్న లారీ కూడా ఇంటి ముందు నుంచి పోతున్న క్షణంలో దాన్ని దాటేస్తుంది. లేని లారీ పోయాక పసిపిల్లని మళ్లీ నిద్రపుచ్చడానికి ఎంతసేపు పడుతుందో ఆ ఇంటి ఆడవాళ్లని అడగాలి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే

డైరెక్ట్ పైపు ఉన్న పాత లారీ బేరానికి వస్తే పైపు ఖరీదు తగ్గించుకుని ఊరుకోకండి. పంపు సీలు ఉందో లేదో చూడండి. సీలు తెగి ఉంటే స్క్రూ తిప్పారనే అనుకోవాలి. టర్బో ముందు హోసు ఊడదీసి షాఫ్ట్‌ని వేలితో కదిపించండి, రెక్కలు పక్కకి ఊగి కేసింగ్‌కి తగులుతుంటే టర్బో ఖర్చు బేరంలో కలపండి. క్రాంక్ కేస్ బ్రీదర్ (ఇంజన్ అడుగు భాగంలోని గాలి బయటికొచ్చే గొట్టం) దగ్గర నుంచి పొగ దట్టంగా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. బీఎస్6 బండికి పెట్టె కోసి ఉంటే మాత్రం, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించి, పెట్టె మొత్తం మార్చడానికి కొటేషన్ రాయించుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకునే బేరానికి కూర్చోండి.